మూలల్లేని చోటు

బూర అని పేరు ఈ గాలికి.
పేరుకు తగ్గట్టే ఊదుతోంది జాదర్ రేవు మీద.
కట్టేసిన పడవలు
ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటున్నాయి.

గుండ్రటి చర్చి లోపల మాత్రం
అగ్గిపుల్ల గీస్తే మంట తల ఊపదు.

మోకాళ్ళ మీద ఉన్నాడు క్రషెవాన్,
ప్రార్థనకి కాదు.
చేతిలో అరిగిన పళ్ళ బ్రష్షు, పక్కన బొచ్చెలో నీళ్ళు.
టార్చి నేను పట్టుకున్నాను.
నేల ఎప్పుడో తవ్వేశారు గనక
గోడ పాదాలు బయటపడ్డాయి:
పడుకోబెట్టిన రోమన్ స్తంభాలు,
బోర్లించిన ఏదో దేవత పీఠం,
దాని మీద సగం పేరు, సగం మొక్కు.
మిగతా సగం మీద చర్చి నిలబడి ఉంది.

పదకొండు వందల ఏళ్ళ కిందట
ఎవరో మేస్త్రీ ఈ మైదానం నడుమ ఆగి
కూలిన గుళ్ళ రాళ్ళు చూసి ఉంటాడు.
కొండకెళ్ళి కొత్త రాయి కొట్టే ఓపిక లేకో
కూలికి డబ్బు చాలకో
(వాడి చిట్టా ఎవరూ దాచలేదు)
పలకల సందులో మేకు దిగ్గొట్టి, తాడు కట్టి,
కొస పట్టుకుని ఒక్క చుట్టు తిరిగాడు.
అంతే, అదే నక్షా.
మూలన పడేసిన రాళ్ళతో
మూలల్లేని గుడి.

"మా నాయనమ్మ స్తోషియా ఇల్లు
అదిగో, వేసవిలో ఐస్‌క్రీం బండి పెట్టే చోట"
అన్నాడు తలెత్తకుండా.
"బాంబు పడ్డ రాత్రి తలుపు గొళ్ళెం ఒక్కటే మిగిలింది.
దాన్ని పిడికిట్లో పట్టుకుని ఇక్కడికొచ్చింది
ఓ మూల చూసుకుని ఏడుద్దామని.
మూల దొరికితేగా!
గోడ తడుముకుంటూ తెల్లార్లూ తిరిగింది,
ఎక్కడ మొదలెట్టిందో ఆమెకే గుర్తు లేదు.
పొద్దున ఆకలేసింది.
బయటికొచ్చి పొయ్యికి మూడు రాళ్ళు ఏరుకుంది.
ఒకదాని మీద లాటిన్ అక్షరాలున్నాయిట.
మొక్కజొన్న జావ మామూలుగానే ఉడికిందిట."

బ్రష్షు మళ్ళీ కదిలింది.
మట్టిలోంచి ఒక అక్షరం, పక్కన చుక్క,
ఆ పక్కన ఏమీ లేదు.
చెక్కినవాడి చెయ్యి అక్కడ ఆగిందో
రాయే విరిగిందో.

క్రషెవాన్ లేచాడు, బొచ్చె కాలికి తగిలి ఖంగుమంది.
ఆ చప్పుడు గోడ పట్టుకుంది,
మూడు గూళ్ళలోకీ తొంగిచూసింది,
పై వసారా ఎక్కింది,
అక్కడ పావురాల్ని లేపింది.

అది దిగి వచ్చేదాకా
ఇద్దరం తలలెత్తి నిలబడ్డాం,
కాళ్ళ కింద నీళ్ళు
స్తంభం గాడిలో పారుతుంటే.