నాలుగు వేళ్ల వదులు

వేసవంతా అజ్మాన్ షెడ్డులో
నలభై అడుగుల అచ్చు లోపల
గాజునార పరిచి, రెజిన్ పూసి, రోలర్‌తో బుడగలు తరిమాం.
ఒక్కటి మిగిలినా
పదేళ్లకైనా సముద్రం కనిపెట్టేస్తుందట.

ఇవాళ లోపలి పటం విప్పాడు ఫోర్‌మన్ బర్కత్.
ముక్కులో ఇద్దరికి పడక, కాళ్ల దగ్గర ఇరుకు.
ఊపు తక్కువుండే నడుమ వంటిల్లు;
పొయ్యి ఇరుసు మీద ఊగుతుంది,
పడవ వాలినా పులుసు ఒలకదు.
మెట్ల పక్కన మ్యాపుల బల్ల,
దాని వెనక సొరంగం లాంటి పడక ఇంకోటి.

"నూకరాజూ, నువ్వు పొడుగు. పడుకో."
ఓనరుదీ నా ఎత్తేనట. ఆయన్ని నేను చూళ్లేదు.
మాస్కుతోనే వెల్లకిలా పడుకున్నాను.
మడమ దగ్గర పెన్సిల్ గీత,
ఆపైన నాలుగు వేళ్లు వదులు.

పక్కన ఈ గుడ్డెందుకన్నాను.
వాలినప్పుడు మనిషి దొర్లిపోకుండా.

మా తెప్పకి గదీ లేదు, గోడా లేదు.
కునుకు తీస్తే
అయ్య తెడ్డుతో నీళ్లు చిమ్మేవాడు.
సముద్రం మీద నిద్రక్కూడా కొలతలుంటాయని
నలభై దాటాక తెలిసింది.

లెమ్మన్నారు.
చప్పున లేవలేదు.
ఇందాక అతికించిన అడ్డగోడ
గట్టిపడుతూ, చెంపకి
ఇంకా వెచ్చగా తగుల్తోంది.