హోదవ్యా కుమారుడు

నేను పుట్టేనాటికి
మా నాన్న చనిపోయి మూడేళ్లు.

నవ్వకండి. మా గెబ ఊళ్లో ఇది లెక్క తప్పిన మాట కాదు,
తోలుచుట్ట మీద మసిసిరాతో రాసిన మాట.

హోదవ్యా, ముగ్గురన్నదమ్ముల్లో నడిమివాడు,
అమ్మకు ఓలిగా పదిహేను తులాల వెండి,
రెండు గాడిదల మోత యవలు తూచి ఇచ్చినవాడు,
పెళ్లయిన రెండో కోతకే
కొండవాగు పొంగులో గొర్రెతో సహా కొట్టుకుపోయాడు.
గొర్రె దొరికింది.

బిడ్డ లేడు. బిడ్డ లేనివాడి పేరు
కళ్లంలో పొట్టు లాంటిదని పెద్దల మాట,
అన్నో తమ్ముడో దాన్ని ఎత్తిపట్టాలి.

పెద్దవాడు ఎల్నాము గవిని దగ్గర నిలబడి
‘నా పొలం చీలికలవుతుంది, నా వల్ల కాదు’ అన్నాడు.
పందొమ్మిదేళ్ల మా అమ్మ అహ్లాయి
పదిమంది పెద్దలు చూస్తుండగా వంగి
అతని కుడికాలి చెప్పు ఊడదీసి
ముఖం మీద ఉమ్మింది.
నోరెండిపోయి మొదట ఉమ్మే రాలేదట.
ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ ఇంటిని ఊరంతా ‘చెప్పూడినోడి ఇల్లు’ అంటారు.
ఆ ఇంటి పిల్లలతోనే నేను వడిసెల తిప్పడం నేర్చుకున్నాను.
రాయి తగిలితే తిట్టుకునేవాళ్లం:
‘పోరా చెప్పులేనోడా!’
‘పోరా చచ్చినోడి కొడకా!’
పొద్దుగూకితే ఒకే గిన్నెలో రొట్టె ముంచుకునేవాళ్లం.

చిన్నవాడు యెకమ్యా. అప్పటికి మీసం కూడా రాలేదు.
డప్పు లేదు, ముసుగు లేదు, విందు లేదు.
‘ఒకసారి ఇచ్చాక మళ్లీ ఓలేమిటి’ అంది నాయనమ్మ.
దీపం పట్టుకుని అన్న గదిలోకి వెళ్లాడు.
అన్న చాప మీద ఓ వారగా పడుకున్నాడట,
మధ్యలో చోటు ఎవరికో వదిలినట్టు.

అలా పుట్టాను.
ఆయన్ని చిన్నాన్న అని పిలవమన్నారు.
పిలిచాను.
అత్తిచెట్టు ఎక్కించింది చిన్నాన్న.
జ్వరం రాత్రుల్లో వీపున వేసుకుని
మేకల దొడ్డి చుట్టూ తిరిగింది చిన్నాన్న.
ద్రాక్షతీగకు ఎక్కడ కోత పెట్టాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో
నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి చూపాడు.
ఆయన ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంకర.
నాదీ అంతే.
నా తర్వాత అమ్మకు ముగ్గురూ ఆడపిల్లలే.

నిరుడు చలికాలం లేఖకుడు మెషుల్లాము వచ్చాడు,
వంశాలు ఎక్కించుకోడానికి.
గవిని కింద వరస. నా వెనకే చిన్నాన్న, భుజాన గోతం.
‘ఎవని కుమారుడవు?’
నా నాలుక ఏదో వెతుక్కుంది.
నోరు తెరిచేలోగా వెనకనుంచి ఆయన గొంతు,
ఎడ్లను మళ్లించే గొంతు:
‘హోదవ్యా కుమారుడు. రాయి.’

రాశాడు.
‘మరి నీకు?’
‘నాకు కుమారులు లేరు.’
లేఖకుడు కలం దులిపి తర్వాతివాణ్ణి పిలిచాడు.

అమ్మ పేరు అడగలేదు. అడగరు.
అమ్మ మాత్రం తన తల్లి, తల్లికి తల్లి, ఏడుగురి పేర్లు
తిరగలి తిప్పుతూ అనుకుంటుంది,
గుప్పెడు గింజలకు ఒక వరస.
చెల్లెళ్లకు అన్నీ వచ్చు. నాకు నాలుగే వచ్చు.

ఇంటిదారిలో ఆయన
గాడిద డెక్క చీలిందని చెప్పాడు.
నేనూ డెక్క గురించే మాట్లాడాను, ఊరు వచ్చేదాకా.

ఈ తెల్లవారుజామున నాకు కొడుకు పుట్టాడు.
ఎనిమిదోనాడు పేరు పెట్టాలి. యెకమ్యా అంటాను.
చట్టం అడ్డు రాదు, కనుక్కున్నాను.
హోదవ్యా ఒబదాయిని కనెను,
ఒబదాయి యెకమ్యాను కనెను...
నూరేళ్ల తర్వాత చదివేవాడు
వేలితో వరస దిగుతూ పోతాడు,
నా పైన ఉండాల్సినవాడు నా కింద ఉన్నాడని
వాడికెలా తెలుస్తుంది?

మంత్రసాని బిడ్డను ఉప్పుతో రుద్ది గుడ్డ చుట్టబోతుంటే
ఒక్క క్షణం ఆగమన్నాను.
ఎడమ పిడికిలి విప్పి చూశాను.

చిటికెన వేలు నేరుగా ఉంది.

గడప అవతల నుంచి ఆయన
‘వేళ్లన్నీ ఉన్నాయా?’ అని అడిగాడు.
‘ఉన్నాయి’ అన్నాను.
ఆ మాట చివర ఏం తగిలించాలో తెలియక
అంతటితో ఆపాను.