గెనిమ రాయి

చెనిక్కాయకి ఊడలు దిగే నెల.
మంచె మీద నేనూ, పాత డాల్డా డబ్బా, ఒక కట్టె.
ఎగవ చింతమాకులపల్లె నిద్రపోయి శానాసేపయింది.
పలమనేరు దారిలో టమాటా లారీ ఒకటి
మూలగతా ఘాటెక్కతాంది.

అది వచ్చేది రెండోజాములో.
మంద గాదు, ఒంటి పంది.
మెడ మీద జూలు చీపురుకట్ట మాదిరి లేచుంటాది.
కాయ తినదు.
గెనిమకి ఇవతల, మా చేను నడుమకొచ్చి
ముట్టెతో తోడతాది,
నిన్న తోడిన చోటికి జానెడు పక్కన,
ఉంగరం పోగొట్టుకున్న మనిషి మాదిరి
ఓపిగ్గా.

కన్నెమ్మవ్వ చెప్పేది,
నా తల ఒళ్ళో పెట్టుకోని పేలు జూస్తా:
"గెనిమ జరిపినోడు పందయి పుడతాడు రా.
కొందురికి పుట్టేదాకా గూడా ఆగదు.
రేత్రి పండుకుంటే మనిషి, తెల్లారి లేస్తే ముట్టె.
తాను పూడ్చిన రాయి తనకే దొరికేదాకా
తవ్వతానే ఉంటాడు."
మళ్ళా తనే,
"ఇంద్రుడంతటోడు పందైనాడు.
బురదలో పెండ్లాం, బురదలోనే బిడ్డలు.
దేవతలొచ్చి, రా సామీ పోదామంటే
మీ సొర్గంలో ఇంత మెత్తటి మన్నుందా
అని అడిగినాడంట."
నేను నగితే
పేను నలిపిన గోటితోనే నెత్తిన మొట్టేది.

అవ్వ తెలిసే చెప్పిందా?

మా తాత చెంగల్రాయులు
ఏటా తొలివానకి
పార భుజానేసుకోని ఒక్కడే పొయ్యేవాడు.
ఏడాదికి జానెడు.
పక్క కయ్య పాపులమ్మది, మొగుడు లేని మనిషి.
అడుగులేసి కొలిచేది. మళ్ళీ కొలిచేది.
"ఈ వయసులో నా అడుగు సాగిందేమే"
అని తనే నవ్వుకోని ఇంటికి పొయ్యేది.

తాత పోయినప్పుడు మొకం సరిగ్గా చూళ్ళా.
ఆసుపత్రి నుంచే గుడ్డ కప్పి తెచ్చినారు.
ముక్కుకాడ గుడ్డ ఎత్తుగా ఉన్నట్టు గుర్తు.
పత్తే అయ్యుంటాది.

పోయినేడు కొండకి పొయినాం.
ముందు వరాహసామికి దండం, ఆ తర్వాతే పెద్దాయనకి.
క్యూలో ముందున్న ముసలాయన చెప్పినాడు,
ఈ కొండ ఈయనదేనంట,
ఏడుకొండలోడు నూరడుగుల చోటడిగి
పత్రం రాసిచ్చి మరీ నిలబడినాడంట.
అమరావతి నా మొకం చూసింది.
నేను జేబులో లడ్డు టోకెను ఉందో లేదో
తడుముకున్నా.

ఈ రేత్రి చేను చుట్టూ కరెంటు తీగ లాగినా.
స్విచ్చి నా చేతికాడే.
వచ్చింది. తలెత్తి మంచె దిక్కు చూసింది.
బ్యాటరీ వేసినా.
ఎడం చెవి కొన చీలి ఉండాది.
తాతకి జాతర కొట్లాటలో పోగు తెగి…
ఏందో, అడివిపందికి కంపలో చెవి చీలకుండా ఉంటాదా.

డబ్బా కొట్టలా.
స్విచ్చి నొక్కలా.
అది తవ్వింది, తవ్వింది.
టక్కుమని రాతి చప్పుడు.
అంతే, వెనక్కి గూడా చూడకుండా
కూలి ముట్టిన మనిషి మాదిరి
అడివిలోకి ఎలబారింది.

తెల్లారకముందే దిగినా.
గుంతలో రాయి, ఒక పక్క పాత సున్నం.
అక్కడి నుంచి గెనిమకి అడుగులేసినా.
పదకొండు.
మళ్ళీ వేసినా. పదకొండే.

పాపులమ్మ మనవరాలు పాలక్యాను పట్టుకోని
ఇంకాసేపటికి ఈ దారినే వస్తాది.
పార తేలేదు.
మోకాళ్ళ మీద కూలబడి
రెండు చేతులా మన్ను తోసినా రాయి మీదికి.
చాలలా.
ఇంకా వంగినా,
మొకం మన్నుకి ఆనేదాకా.

తడి మన్ను వాసన
ముక్కులోకి, గొంతులోకి, కడుపు అడుగుదాకా.
ఇంత బాగుంటాదని
ఇన్నేండ్లూ నాకెవురూ చెప్పలేదే.