బోర్డుకి అడ్డం

కుట్టుమిషన్ సూదులు అమ్ముకునే ఉద్యోగం నాది.
పదకొండో నంబరు, పద్నాలుగు, పదహారు.
నెలకి రెండుసార్లు గూడూరు నుంచి చీరాల దాకా
ప్రతి ఊరినీ పలకరించే బండిలో.
సంచిలో సూదుల పెట్టెల నడుమ
పాత తువ్వాలులో చుట్టిన కెమెరా.
వాయిదాలు ఇంకా రెండు బాకీ.

స్టేషన్ల ఫొటోలు తీస్తాను.
ఎందుకంటే చెప్పలేను.
పసుపు బోర్డు, నల్లటి అక్షరాలు,
కింద సన్నగా సముద్రమట్టానికి ఎంత ఎత్తో.
సముద్రం పక్కనే కాపురమున్నా
ప్రతి ఊరూ తను కాస్త ఎత్తులోనే ఉన్నానని
రాసి పెట్టుకోవడం నాకు ముద్దుగా ఉంటుంది.

మనుబోలులో వాన వెలిశాక తడి బెంచీ.
వేదాయపాళెంలో గేటు పడితే
ఇటు యాభై స్కూటర్లు, అటు యాభై,
యుద్ధం మొదలవబోతున్నట్టు.
నెల్లూరులో దిగి, బేరాలయ్యాక,
రైలుకట్ట కింద మోకాటిలోతు నీళ్లలో
ఆటో తోసుకుపోతున్న పెళ్లిమేళం
(డోలు మాత్రం నెత్తిమీద పొడిగా ఉంది).
పెన్న ఎప్పుడూ సరిగా రాదు నాకు.
వంతెన అదురుకి ఇసుకా నీళ్లూ ఒకటైపోతాయి.
బిట్రగుంటలో ఖాళీ క్వార్టర్ల వరస,
ఒక్క గుమ్మం ముందు ఆరేసిన ఎర్ర దుప్పటి.

ఒంగోలు లాడ్జిలో ఒక రాత్రి,
కర్నూలు రోడ్డు లారీలు కిటికీ అద్దాన్ని వణికిస్తుంటే,
పాతవన్నీ తిరగేస్తున్నాను.
కావలి బోర్డు. ఎడమ అంచున సగం గంప.
టంగుటూరు. అంచున ఒక మోచెయ్యి,
ఆకుపచ్చ గాజులు నాలుగు.
సింగరాయకొండ. బోర్డు నీడలో మొహం అటు తిప్పి
సపోటాలు తుడుస్తున్న ఆడమనిషి.
ఆకుపచ్చ గాజులు నాలుగు.
లేచి కూర్చున్నాను.
తలమంచి. పడుగుపాడు. పోయినేడు కార్తీకంలో ఉలవపాడు.
నేను ఒక్కసారీ తియ్యని మనిషి
నా ఫొటోల నిండా తిరుగుతోంది.

తర్వాతి నెల కావలిలో ఎక్కింది, గంపతో.
"మెత్తనివి ఈ పూటకి, గట్టివి రేపటికి,
తీసుకో అబ్బయ్యా."
పేరు మస్తానమ్మ.
నిన్ను చాలాసార్లు చూశాను, అన్నాను.
"నేనూ చూస్తానే ఉండా. బోర్డుల సామివి గదా నువ్వు!
ఊరి పేరు గుర్తుండదా ఏంది, ఫొటో తీసుకుంటావు?"
పెట్టెంతా నవ్వింది.
"నాకు అక్షరం ముక్క రాదు. ముక్కే నా బోర్డు.
టంగుటూరంటే పొగాకు ఘాటు.
చినగంజామంటే ఉప్పు."
మరి కావలి?
"కావలికి వాసన లేదు నాయనా.
పోలీసోడు అరిస్తే కావలి."

తెట్టులో దిగింది.
నేనూ దిగాను, కెమెరా తువ్వాలు విప్పుకుంటూ.
ఎండ వాలుగా పడి
గంప, గాజులు, బోర్డు మీది పేరు
అన్నీ ఒకే వెలుగులో ఉన్నాయి.
కన్ను ఆనించాను.
ఆమె చటుక్కున గంప ఈడ్చుకుని పక్కకి జరిగింది.
"అడ్డమొచ్చినానా? తీసుకో, తీసుకో."
కాదు, ఉండమ్మా, అనేలోపు
బండి కూత పెట్టింది.
వేలు అప్పటికే నొక్కేసింది.

నా దగ్గరున్న వాటన్నిటిలోకీ
తేటగా వచ్చిన బోర్డు అదే.
మూడు భాషల్లో తెట్టు.
అడ్డం ఎవరూ లేరు.

గట్టి కాయలు సంచిలో సూదుల పక్కనే మగ్గాయి.
మర్నాడు చీరాలలో టైలరు సుభానీ
పద్నాలుగో నంబరు పెట్టె తెరిచి,
సూది బయటికి తియ్యకుండానే
ఒకసారి గాలి పీల్చి,
"ఉలవపాడు మీదుగా వచ్చావా?" అన్నాడు.