వెనకద్దం

రుస్తావీ కార్ల సంతలో జనవరి చలి.
ఓడ దిగొచ్చిన వ్యాను వెనకద్దానికి లోపలివైపు
ఎవరి పిల్లో అంటించిన డైనోసార్లు, అయిదు.
ఒకదానికి తల లేదు.

బ్లేడు తియ్యబోయాను.
"ఆగరా," అన్నాడు త్సోత్నె మామ,
"ఆ సన్నగీతలు అద్దం నరాలు.
ఒక్కటి తెగిందా, మంచు పట్టిన రోజున
వెనకెవడొస్తున్నాడో దేవుడికెరుక."

హెయిర్ డ్రయ్యర్ పట్టాడు,
చంటిదాని తల ఆరబెట్టినట్టు.
అంచు మెత్తబడ్డాక గోటితో లేపి
పాత బస్సు కార్డు ఏటవాలుగా, గీతల వెంబడే.
మిగిలిన జిగురుకి పొద్దుతిరుగుడు నూనె,
మధ్యలో నాకో తిట్టు, తనకో సిగరెట్టు.

తలలేనిదే మొండికేసింది.
మధ్యాహ్నం దాటాక అదీ వదిలింది.

కొనేవాడొచ్చి టైరు తన్నాడు,
వెనక సీట్లోకి దూరి తలుపేసుకున్నాడు.
అతని ఊపిరికి మసకబారిన అద్దం మీద
అయిదూ మళ్లీ నడిచొచ్చాయి.

తలలేనిదానికి వేలితో తల గీశాడు.
ధరకి మాత్రం ఒప్పుకోలేదు.