తలుపు సందు

గురువారం ఆరున్నరకి
పాత గని కార్మికుల హాలు తాళం తీసేది నేనే.
ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన చేతులివి,
తాళంచెవి తిప్పినప్పుడల్లా గేరు మార్చినట్టే ఉంటుంది.
నా పేరు ఎమ్రిస్. పిల్లలు మాత్రం డ్రైవర్ అంటారు,
ఇక్కడ్నుంచి వాళ్లనెక్కడికీ తీసుకెళ్లకపోయినా.

ఈ వేల్స్ లోయలో
వాన పడిందని ఎవరూ చెప్పుకోరు,
పడని రోజునే చెప్పుకుంటారు.
గని మూతపడ్డాక కొండంతా పచ్చగడ్డి మొలిచింది.
ఆ గడ్డి కింద ఏముండేదో పిల్లలకు పట్టదు.
వాళ్లకు కావలసింది ఒక టేబుల్ టెన్నిస్ బల్ల,
కాసింత వెచ్చదనం,
ఏమైందని ఎవరూ నిలదీయని రెండు గంటలు.

బల్లకి ఒక కాలు పొట్టి.
దాని కింద పాత కీర్తనల పుస్తకం.
దేవుడేమీ అనుకోడని ఎలునెడ్ హామీ.
నర్సుగా రిటైరయిన మనిషి,
టోస్టు మాడితేగాని ఆమెకు చేసినట్టుండదు.

అక్టోబరులో వచ్చాడు ఆ పిల్లవాడు.
వచ్చాడంటే లోపలికి కాదు,
రోడ్డుకి అవతల, దీపస్తంభం కింద,
కోటు టోపీ ముక్కుదాకా లాక్కుని.
పిలవబోయాను.
ఎలునెడ్ నా చొక్కా పట్టుకు ఆపింది.
“పిచ్చుకని పేరు పెట్టి పిలుస్తామా?
గింజలు చల్లి పక్కకి తప్పుకుంటాం.”
మూలన పడున్న చెక్కముక్క తెచ్చి
తలుపు కింద దోపింది.
జానెడు సందు.
అందులోంచి వెలుతురు బయటికి, చలి లోపలికి.

కమిటీలో గ్యాసు బిల్లు చదివారు.
“నలభై పౌండ్లు ఎక్కువొచ్చింది, ఎందుకు?”
“తలుపు,” అన్నాను.
“మూయొచ్చు కదా?”
“మూయొచ్చు,” అన్నాను.
అందరం కాసేపు బిస్కెట్లు తిన్నాం.

పదకొండు గురువారాలు.
లోపల పిల్లలు కోట్లు విప్పకుండానే ఆడారు.
మాబ్లీ ఒక్కతే సణిగింది.
మరుసటి వారం చేతితొడుగుల జత ఒకటి
బయట గోడమీద మర్చిపోయింది.
మర్చిపోయానని మూడుసార్లు చెప్పింది కూడా.

పన్నెండోవారం
బంతి సందులోంచి జారి రోడ్డు దాటింది.
దాన్ని పట్టుకుని గడప దగ్గరికొచ్చాడు.
చేతులకు తొడుగులున్నాయి.
“మీదేనా?”
“మాదే. నీకు సర్వీసు చేయడం వచ్చా?”
అంతే.
పేరు తెలియడానికి ఇంకో నెల పట్టింది: ఇయెస్టిన్.
అన్ని వారాలు ఎందుకు నిలబడ్డాడో
ఇప్పటికీ అడగలేదు.

జూన్‌లో మా పండగ.
కాగితం గొలుసులు, మాడిన టోస్టు, అరువు తెచ్చిన మైకు.
మేయరు వస్తానన్నాడు, కుక్కకి జబ్బుచేసి రాలేదు.
మా దగ్గర గెలిచినవాళ్లకి బహుమతులుండవు.
కారిస్‌కి,
అమ్మకి మందులు వేసి, వంటచేసి
పద్నాలుగుసార్లు ఆలస్యంగానైనా వచ్చినందుకు.
ట్యూడర్‌కి,
ఓడిన ప్రతిసారీ తిట్టి, ఆ తర్వాత బల్ల తుడిచినందుకు.
మాబ్లీకి, మతిమరుపుకి.

చివర్న ఇయెస్టిన్‌ని పిలిచాం.
ఆ చెక్కముక్కే, బంగారు రంగు వేసి.
రంగింకా ఆరలేదు.
వాడి చెవులు కందిపోయాయి.
నాలుగు మాటలు చెప్పమని మైకు చేతికిస్తే,
“చలేస్తోంది, తలుపెయ్యండి,” అన్నాడు.
హాలు గొల్లుమంది.
వెనకవరసలో, సూపర్‌మార్కెట్ యూనిఫాం విప్పకుండానే వచ్చిన
వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు,
పర్సులో దేనికోసమో చాలాసేపు వెతుక్కుంది.
వాడు వరసగా అందరి చేతులూ కలిపాడు.
మర్నాడు షాపులో చిల్లర ఇస్తూ చూసుకున్నాను,
నా బొటనవేలికి ఇంకా బంగారం.

సెప్టెంబరులో క్లబ్బు మళ్లీ తెరిచాం.
తలుపు నిలవదే!
చెక్కముక్కేమో వాడి కిటికీ గూట్లో ఉంది.
తేలేదేమని కసిరేలోపే
వాడు వంగి, ఎడమకాలి బూటు విప్పి
గడప దగ్గర అడ్డంపెట్టాడు.
దీపస్తంభం వైపు చూడలేదు వాడు, నేను చూశాను.
ఎర్ర సంచీ. సన్నటి కాళ్లు. ఎవరో అమ్మాయి.

ఒంటి మేజోడుతో జారుకుంటూ
ట్యూడర్ చేతిలో ఓడిపోతున్నాడు.
స్కోరెంతో నేను చూడలేదు.
గ్యాసు మీటరు వైపు కూడా.