లిప్ తప్పని మాట

సాలిగ్రామంలో మేడ మీద మూడో గది.
గోడలకి కోడిగుడ్ల అట్టల్లాంటి స్పాంజి.
హోరు మైకులో పడుతుందని ఆపేసిన ఏసీ.
అక్కడ తొమ్మిదేళ్ళుగా నేను వైదేహిని.
ముఖం ఆవిడది, తమిళం ఆవిడది,
ఏడుపు మాత్రం నాది,
ఎపిసోడుకి ఇంతని.

ఆవిడ పెదాలు మూసుకున్నచోట
నేనో పానో, బానో, మానో వెతుక్కోవాలి.
ఆవిడ "మన్నిచ్చిడుంగ" అని మొదట్లోనే మూస్తుంది;
మన "క్షమించండి" నడుం దగ్గరగాని మూసుకోదు.
ఆ ఒక్క మాటకి ఒక మధ్యాహ్నం పోయింది.
అమ్మా అన్నప్పుడు మాత్రం ఏ తంటా లేదు.
రెండు భాషల్లోనూ పెదాలు
ఒకేచోట కలుస్తాయి.

మా వీధి మలుపులో దేశమ్మ ఇస్త్రీ బండి.
వాచ్‌మన్ గది కిటికీలోంచి టీవీ కనిపించేలా
చక్రాలకి రాళ్ళు పెట్టించుకుంది.
ఏడున్నరకి కాలర్ల మీద చెయ్యి నెమ్మదిస్తుంది.
ఒకసారి నా చీరలు లెక్కపెడుతూ తలెత్తి
"నీ గొంతు యాడనో విన్నట్టుంది పాపా" అంది.
జలుబు చేసిందన్నాను.

దేశమ్మ దేన్నయినా ఒప్పుకుంది.
అత్త మూడు వారాలు ఒకే మెట్టు మీద నిలబడితే ఒప్పుకుంది.
చచ్చిన మొగుడు వేరే ముఖంతో లేచొస్తే
(పాత నటుడికి డబ్బు దగ్గర తేడా వచ్చింది)
"పోనీలే, చిక్కిపోయినాడు పాపం" అంది.
నాగుపాము కోర్టులో సాక్ష్యం చెప్పిన వారం
వాచ్‌మన్ నవ్వి ఛానెల్ మార్చబోతే
ఇస్త్రీపెట్టె ఎత్తి చూపించింది:
"దానికుండే నీతి నీకుండాదా?"

బాబు చనిపోయింది ఆరువందల పద్నాలుగో ఎపిసోడ్‌లో.
ఆ రోజు నేను కాగితం చూడకుండా ఏడ్చాను.
ఇంజనీర్ కదిరవన్ హెడ్‌ఫోన్ తీసి
కాసేపు బల్ల మీద పెట్టాడు.
అది టీవీలో వచ్చిన మర్నాడు
నా తెల్ల కుర్తా వీపున పెట్టె ఆకారంలో మరక.
"చూసుకోలేదు పాపా,
మావోడిదీ ఆ వయసే.
రాయపేట ఆస్పత్రిలో.
ఇప్పటికి నలభై ఏళ్ళు."
డబ్బులు తీసుకోలేదు.
ఆ కుర్తా నేను పారేయలేదు.

తర్వాత రేటింగ్ జారింది.
బాబు లేచాడు.
పసిగుడ్డుగానే ఎవరో మార్చేశారట,
చితి మీదిది వేరే బిడ్డట.
ఆ వేరే బిడ్డ ఎవరికి బిడ్డో కథ అడగలేదు.
తమిళంలో రెండు నెలల ముందే బతికాడు కనక
నాకు తెలుసు.
బాబుకి గొంతిచ్చే కోమలవల్లి గారికి యాభై మూడేళ్ళు;
కళ్ళజోడు పైకి తోసుకుని "అమ్మా" అన్నారు.
లిప్ సరిగ్గా పడింది.
కదిరవన్ ఓకే అన్నాడు.
తెలిసీ, బండి పక్కనుంచి రోజూ నడిచి,
దేశమ్మకి చెప్పలేదు.

ఆ సాయంత్రం బట్టలకని వెళ్ళి అక్కడే నిలబడ్డాను.
తెర మీద తలుపు తెరుచుకుంది.
మళ్ళీ తెరుచుకుంది. మొత్తం ఆరుసార్లు, ఉరుములతో.
కిటికీలోంచి నా గొంతు
"నాన్నా, బతికే ఉన్నావా!" అని పొంగిపోయింది.

దేశమ్మ పెట్టెని నిలువుగా పెట్టింది.
తిట్టలేదు.
"అట్ట వస్తారంటనా?" అంది,
నాతో కాదు, బొగ్గులతో.
వెళ్ళి వాచ్‌మన్ కిటికీ రెక్క దగ్గరికి వేసింది.
తిరిగొచ్చి ఎవరిదో స్కూలు చొక్కా
చేతులు రెండూ వెనక్కి మడిచి,
చాలాసేపు అరచేత్తో అదిమింది.

లక్షమంది పోతే ఛానెల్‌కి కాగితం వస్తుంది.
దేశమ్మ పోయిందని ఏ కాగితమూ రాలేదు.
బండి కింద రాళ్ళు తీసేసింది, అంతే.
ఇప్పుడది రోడ్డు వైపు తిరిగి ఉంటోంది.

వైదేహి ఇంకా నడుస్తోంది. ఈ వారం ఆమెకి కవలలు.
నేను బట్టలిచ్చేటప్పుడు
ఎన్నో వేళ్ళతో చూపిస్తాను,
నోరు తెరవను.